చివర కనిపించని రన్‌వే: చిన్న ఉభయచర విమానాలు టేకాఫ్‌లోనే ఎందుకు తడబడతాయి?

ఒడ్డున నిలబడి చూసినవాళ్లు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "ఇంజన్ గట్టిగా మోగింది. విమానం నీళ్ల మీద రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడింది. ముక్కు పైకి లేచింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. చూస్తే తలకిందులుగా తేలుతోంది." మర్నాడు వార్తలో ఇది "ఇంజన్ ఫెయిలై కూలిన విమానం" అవుతుంది. చప్పుడు ఆగింది కదా, అంతకన్నా రుజువేం కావాలి?

చప్పుడు ఆగడానికి మాత్రం కారణాలు చాలా ఉంటాయి. గంతులు తట్టుకోలేక పైలటే థ్రాటిల్ (ఇంజన్ బలాన్ని పెంచి తగ్గించే మీట) మూసేసి ఉండొచ్చు. ప్రొపెల్లర్ నీళ్లకి కొట్టుకుని ఆగిపోయి ఉండొచ్చు. ఇంజన్ నిజంగానే మొరాయించి ఉండొచ్చు. ఒడ్డు నుంచి వినేవాళ్లకి ఈ మూడూ ఒకటే. దర్యాప్తు చేసేవాళ్లకి ఇవి మూడు వేర్వేరు ప్రమాదాలు. అసలు "టేకాఫ్‌లో కూలింది" అన్న మాటే ఎక్కడ కూలిందో చెబుతుంది తప్ప ఎందుకు కూలిందో చెప్పదు. ఈ తేడా తెలియాలంటే ముందు ఆ విమానం నీళ్ల మీంచి ఎలా లేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

ఉభయచర విమానమంటే మామూలు రన్‌వే మీదా, నీళ్ల మీదా రెండుచోట్లా దిగి లేవగలిగేది. ఇందులో రెండు రకాలున్నాయి. మామూలు విమానానికి కింద రెండు పడవల్లాంటి ఫ్లోట్లు బిగించి, ఆ ఫ్లోట్లలోకే ముడుచుకునే చక్రాలు పెడితే అదొక రకం. విమానం పొట్టనే పడవగా మలిస్తే రెండోది. లేక్, సీరే, ఐకాన్ ఏ5 లాంటి చిన్న విమానాలు ఈ రెండో రకానివి. వీటిలో చాలావాటికి ఇంజన్ ముక్కు దగ్గర ఉండదు. రెక్కకి పైన, వెనక్కి తిరిగి ఉంటుంది. ప్రొపెల్లర్‌కి నీటి తుంపర తగిలితే దాని రెక్కల అంచులు కొరుక్కుపోతాయి కాబట్టి దాన్ని వీలైనంత ఎత్తున పెడతారు. ఈ ఎత్తు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఈ విమానాలకి పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది, బరువు. 2004లో అమెరికా లైట్ స్పోర్ట్ విమానాలకి నిబంధనలు తెచ్చినప్పుడు నేల మీద తిరిగేవాటికి గరిష్ఠ బరువు 1,320 పౌండ్లు, అంటే 600 కిలోలు పెట్టింది. నీటి మీద తిరిగేవాటికి 1,430 పౌండ్లు, అంటే 650 కిలోలు ఇచ్చింది. పడవ పొట్ట, ముడుచుకునే చక్రాలు, వాటిని ముడిచే యంత్రాంగం, రెక్కల కింది ఫ్లోట్లు, అన్నీ ఆ అదనపు 50 కిలోల్లోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఐకాన్ ఏ5కి అదీ చాలక తయారీదారులు ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుని, దాన్ని 1,510 పౌండ్లకి తెచ్చారు. దాని ఇంజన్ 100 హార్స్‌పవర్ రోటాక్స్. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే ఇద్దరు మనుషులకీ, వాళ్ల సామానుకీ కలిపి మిగిలేది 150 కిలోల లోపే. ఒడ్డూ పొడుగూ ఉన్న ఇద్దరు ఎక్కి కూర్చుంటే లెక్క అక్కడితో చెల్లు. ఈ తరగతి విమానాలన్నిటిదీ ఇంచుమించు ఇదే సంసారం.

నీళ్లు వదలవు

నీటి సాంద్రత గాలి సాంద్రతకి దాదాపు 800 రెట్లు. రన్‌వే మీద చక్రాలు దొర్లుతుంటే వేగం పెరగడానికి అడ్డుపడేది ముఖ్యంగా గాలే. నీళ్ల మీద అయితే విమానం ముందు పడవలా నీటిని తోసుకుంటూ పోవాలి, తర్వాత ఆ నీటిని వదిలించుకోవాలి. కష్టమంతా ఈ వదిలించుకోవడంలోనే ఉంది.

1910 మార్చి 28న ఫ్రాన్స్‌లో మార్తీగ్ దగ్గర హెన్రీ ఫాబ్ర్ మొదటిసారి ఇంజనున్న విమానాన్ని నీటి మీంచి లేపాడు. మరుసటి ఏడాది జనవరిలో శాన్ డియాగోలో గ్లెన్ కర్టిస్ అదే పని చేశాడు. ఆ వెంటనే దానికి చక్రాలు తగిలించి ఉభయచరంగా మార్చాడు కూడా. ఆ తర్వాత ఫ్లోట్లు వద్దని పొట్టనే పడవగా చేద్దామనుకున్నప్పుడు కర్టిస్‌కి చిక్కొచ్చిపడింది. విమానం నీటి మీద పరుగెత్తేది గానీ ఎంత లాగినా పైకి లేచేది కాదు. ఎవరో కింద పట్టుకున్నట్టు ఉండేది.

ఆ పట్టు ఎలాంటిదో వంటింట్లో చూడొచ్చు. కుళాయి సన్నగా తిప్పి, చెంచా తోకని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, దాని వీపుని ధారకి తాకించండి. ధార చెంచాని పక్కకి తోసేస్తుందనుకుంటాం. తోయదు సరికదా, లోపలికి లాక్కుంటుంది. వంపు తిరిగిన తలం మీద నీరు అతుక్కుని పారుతూ ఆ తలాన్ని తనవైపు గుంజుతుంది. పడవ పొట్ట వెనక భాగం తోక వైపు పైకి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడా జరిగేది ఇదే.

1912లో కర్టిస్ దానికి విరుగుడు కనిపెట్టాడు. పొట్ట అడుగున, మధ్యకి కాస్త వెనగ్గా, ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక మెట్టు కోశాడు. ఇవాళ్టికీ ప్రతి సీప్లేన్ అడుగునా అది ఉంటుంది. కింద పడుకుని చూస్తే ఎత్తు కొన్ని అంగుళాలే, అంచు మాత్రం పదునుగా ఉంటుంది. వేగంగా వెనక్కి పారే నీరు ఆ పదును దగ్గర వంపుని అనుసరించలేక విడిపోతుంది. ఖాళీ అయిన చోటికి గాలి దూరుతుంది. దాంతో పొట్ట వెనక సగం నీళ్లలోంచి బయటపడి, విమానం ముందు సగం మీదే జారడం మొదలుపెడుతుంది. పైలట్లు దీన్నే "మెట్టెక్కడం" అంటారు. మెట్టుని విమానం బరువు కేంద్రానికి కొంచెం వెనక పెడతారు. ఇంకా వెనక్కి జరిపితే లేచేటప్పుడు ముక్కు ఎత్తడం కష్టమవుతుంది. ముందుకి జరిపితే విమానం నిలకడ లేకుండా ఊగుతుంది.

ఇరవై ముప్పై సెకన్ల కథ

ఇప్పుడు కాక్‌పిట్‌లోకి వెళ్దాం. చక్రాలు పైకి ముడిచి ఉన్నాయి. నీటిలో దారి తిప్పే చిన్న చుక్కాని ఉంటే దాన్నీ ఎత్తేశారు. ముక్కు గాలికి ఎదురుగా ఉంది. పైలట్ స్టిక్‌ని, అంటే విమానం ముక్కుని ఎత్తి దించే కర్రని, పూర్తిగా తనవైపు లాగి పట్టుకుని థ్రాటిల్ చివరిదాకా తోస్తాడు.

మొదటి క్షణాల్లో విమానం ఉత్త పడవ. వేగం కొద్దిగా పెరగ్గానే ముక్కు లేస్తుంది, తోక కిందికి కూర్చుంటుంది, ఎదురుగా ఏమీ కనపడదు. విమానం తాను లేపిన అలనే తాను ఎక్కుతూ ఉంటుంది. లేవాల్సిన వేగంలో సగానికి అటూఇటూగా నీటి నిరోధం శిఖరానికి చేరుతుంది. దీన్ని హంప్ అంటారు. ఇక్కడ ఇంజన్ తోపుకీ, నీటి నిరోధానికీ మధ్య మిగిలే తేడా బొటాబొటీ. ఆ తేడా ఉన్నంతవరకే వేగం పెరుగుతుంది. అది సున్నా అయితే ఇంజన్ హోరెత్తుతూనే ఉంటుంది, తుంపర లేస్తూనే ఉంటుంది, విమానం మాత్రం అదే వేగంతో ముక్కెత్తుకుని చెరువంతా దున్నుతూ పోతుంది.

హంప్ దాటితే ముక్కు దానంతటదే దిగుతుంది. పైలట్ స్టిక్‌ని మెల్లగా మధ్యకి వదులుతాడు. ఒక్కసారిగా హాయిగా ఉంటుంది. విమానం తేలికపడి, సర్రున జారుతూ, గబగబా వేగం అందుకుంటుంది. ఈ చిన్నవి 40 నుంచి 50 నాట్‌ల (గంటకి సుమారు 75 నుంచి 90 కిలోమీటర్ల) మధ్య ఎక్కడో నీటిని వదిలేస్తాయి. అంతా బాగుంటే అరనిమిషం లోపే అయిపోతుంది.

సరిగ్గా ఈ "అంతా బాగుంటే" దగ్గరే నేల మీది పైలట్ల అలవాట్లు అక్కరకు రావు. రన్‌వే మీద ఒక పాత లెక్క ఉంది. సగం దూరం వచ్చేసరికి లేచే వేగంలో 70 శాతం అందుకోకపోతే ఆపెయ్యాలి. వేగం ఒకే తీరుగా పెరుగుతుంటే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, 0.7 ని 0.7 తో గుణిస్తే సుమారు సగం. చక్కని లెక్కే. నీళ్ల మీద వేగం అలా పెరగదు. హంప్ దాకా నత్తనడక, తర్వాత ఉరుకు. పైగా రన్‌వేకి చివర ఉంటుంది, గీతలుంటాయి, సగం ఎక్కడో కళ్లకి కనిపిస్తుంది. పెద్ద జలాశయం మీద అలాంటిదేమీ ఉండదు. "ఇంకా నీళ్లున్నాయిగా, ఇంకో పది సెకన్లు చూద్దాం" అనిపిస్తుంది. ఆ పది సెకన్ల తర్వాత కూడా నీళ్లుంటాయి. ఇలాంటి దర్యాప్తు నివేదికలు వరసగా చదివితే నాకు అర్థమైంది ఒకటే: చాలా సందర్భాల్లో విమానం "నాకు ఇవాళ ఓపిక లేదు" అని ముందే చెప్పింది, ఆపమని చెప్పే గీత మాత్రం నీళ్ల మీద లేదు. అందుకే అనుభవజ్ఞులు బయల్దేరకముందే ఒడ్డున ఒక చెట్టునో, కొండ మొననో గురుతు పెట్టుకుంటారు. అక్కడికి వచ్చేసరికి మెట్టెక్కకపోతే థ్రాటిల్ మూసెయ్యడమే. గురుతు దాటాక ఆలోచిద్దాం అనుకుంటే ఆలోచన ఎప్పుడూ "ఇంకొంచెం" వైపే మొగ్గుతుంది.

ఓపిక ఎందుకు తగ్గుతుంది? మొదటిది బరువు, ముఖ్యంగా కనపడని బరువు. పడవ పొట్ట ఎంత బిగువుగా ఉన్నా కొంత నీరు ఊరుతుంది. ఎగిరేముందు ఆ అడుగునీటిని తోడి, రంధ్రాల బిరడాలు బిగించాలి. ఒక బిరడా మర్చిపోయి విమానాన్ని నీటిలోకి దింపితే 20 లీటర్లు చేరడం పెద్ద పని కాదు. 20 లీటర్లంటే 20 కిలోలు, అదీ కదిలే బరువు. హంప్ మీద ముక్కు లేచిన క్షణంలో ఆ నీరంతా తోక వైపు జారుతుంది. సరిగ్గా ముక్కు దిగాల్సిన చోట తోకని కిందికి లాగుతుంది. ఎక్కడో మూలన పెట్టిన సూట్‌కేసుకి ఇంత దుర్బుద్ధి ఉండదు.

రెండోది ఎత్తు, ఎండ. సముద్రమట్టానికి 5,000 అడుగుల ఎత్తున ఉన్న సరస్సు మీద ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటే, విమానం వరకూ అది 8,000 అడుగుల ఎత్తున్నట్టే లెక్క. టర్బో లేని ఇంజన్ తన బలంలో ఐదో వంతు పైనే పోగొట్టుకుంటుంది. ప్రొపెల్లర్‌కి గాలి చాలదు. రెక్కకీ చాలదు కాబట్టి నీటి మీద పదో వంతుకి పైగా ఎక్కువ వేగం కావాలి. ఇవన్నీ కొండల్లో రన్‌వే మీంచి లేచేవాళ్లకీ తెలిసినవే. వాళ్లకి లేని ఇబ్బంది ఇంకోటి ఇక్కడుంది. గాలి పలచబడింది గానీ నీళ్లు పలచబడలేదు. హంప్ మీద నీటి నిరోధం సముద్రతీరంలో ఎంతో ఇక్కడా అంతే. ఇంజన్ మాత్రమే చిక్కిపోయింది.

మూడోది వింటే వింతగా ఉంటుంది. నీరు అద్దంలా నిశ్చలంగా ఉంటే లేవడం ఇంకా కష్టం. చిన్న చిన్న అలలుంటే పొట్ట అడుగున గాలి దూరి పట్టు విడుస్తుంది. అద్దంలాంటి నీరు చెంచాని పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. రెండు ఫ్లోట్లున్న విమానమైతే రెక్క వంచి ఒక ఫ్లోట్‌ని ముందుగా ఊడబెరుకుతారు, నిరోధం సగమవుతుంది. పొట్టే పడవైనదానికి ఆ వీలు లేదు. అలాంటి రోజుల్లో పైలట్లు ముందు నీటి మీద ఒక చుట్టు చుట్టి, తమ విమానం లేపిన అలల మీంచే పరుగు తీస్తారు.

కప్పగంతులు

చిల్లపెంకుని నీటి మీద ఏటవాలుగా విసిరితే వేసే గంతులు తెలుసుగా. మెట్టెక్కిన విమానం కూడా ఆ పెంకు లాంటిదే, కాకపోతే దానికి ముక్కూ తోకా ఉన్నాయి. అది స్థిమితంగా జారడానికి ముక్కు ఒక సన్నని కోణంలోనే ఉండాలి. ముక్కు కొంచెం దిగితే పొట్ట ముందుభాగం నీటిని గుద్దుకుని పైకి విసురుతుంది. మరీ లేస్తే పొట్ట వెనక భాగం నీటికి తగిలి ముక్కుని కిందికి కొడుతుంది. ఒకసారి మొదలైతే ప్రతి గంతూ ముందుదాని కన్నా పెద్దది. పైలట్లు దీన్ని పోర్పాయిజింగ్ అంటారు. ఒడ్డున ఉన్నవాళ్లు "ఎగిరెగిరి పడింది" అన్నది చాలాసార్లు ఇదే.

ఇందులో పైలట్ చెయ్యే శత్రువవుతుంది. ముక్కు లేచింది చూసి స్టిక్ ముందుకి తోస్తాడు. కన్ను చూసి, చెయ్యి కదిలి, విమానం స్పందించేలోగా ముక్కు దానంతటదే దిగడం మొదలుపెట్టి ఉంటుంది. ఇతని తోపు దానికి తోడవుతుంది. ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది. కంగారుగా వెనక్కి లాగుతాడు, అప్పటికి అది పైకి వస్తోంది. ఉయ్యాలని సరిగ్గా ఊపుకి కలిసేలా తోస్తున్నట్టే, అతనికి తెలియకుండానే. మూడో గంతుకో నాలుగో గంతుకో విమానం ఇంకా ఎగరగలిగే వేగం లేకుండానే గాల్లో ఉంటుంది. అక్కడినుంచి అది ఎగరదు, పడుతుంది, అదీ ముక్కుతో.

శిక్షణలో చెప్పేది సులువుగానే ఉంటుంది. మొదటి ఊపు తెలియగానే స్టిక్‌ని కొద్దిగా వెనక్కి లాగి పట్టుకో. ఊపుని వెంటాడకు. ఒకటి రెండు గంతుల్లో సర్దుకోకపోతే స్టిక్ వెనక్కే పట్టుకుని థ్రాటిల్ మూసేసి ఆగిపో, మళ్లీ మొదటినుంచి బయల్దేరు. మూడో గంతు దాకా వేచి చూస్తే థ్రాటిల్ మూసినా, తెరిచే ఉంచినా ఫలితం అంతంతమాత్రమే.

పైనున్న ఇంజన్

నీటి తుంపర తగలకుండా ఇంజన్‌ని ఎత్తున పెట్టారని చెప్పాను కదా. దాని ఖరీదు ఇప్పుడు చెల్లించాలి. బరువు కేంద్రానికి చాలా పైన ఉన్న ప్రొపెల్లర్ ముందుకి తోస్తే విమానం ముక్కు కిందికి వంగుతుంది. బీరువాని నెత్తి దగ్గర తోస్తే ముందుకి తూలినట్టు. ఆ వంపుని పైలట్ స్టిక్‌తోనో, ట్రిమ్‌తోనో (స్టిక్ మీది ఒత్తిడిని తానే మోసే సర్దుబాటు) వెనక్కి లాగి సరిచేసుకుంటాడు. అంటే టేకాఫ్ అంతటా విమానం రెండు వైపులా లాగే ఒక తాడు పోటీలో ఉంటుంది: ఇంజన్ ముక్కుని కిందికి, స్టిక్‌తో కదిలే తోక పలక, అంటే ఎలివేటర్, పైకి.

నీటి మీంచి లేచి ఓ 100 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు ఇంజన్ ఆగిందనుకోండి. తాడు ఒక వైపు తెగినట్టే. ముక్కు దిగాల్సింది పోయి పైకి లేస్తుంది. మామూలు విమానం నేర్చుకున్నవాళ్లకి ఇది తలకిందుల వ్యవహారం. ఆ విమానాల్లో ఇంజన్ ఆగితే ముక్కు దానంతటదే దిగి వేగాన్ని కాపాడుతుంది. ఇక్కడ వేగం పడిపోతుండగా ముక్కు లేస్తుంది. పొట్ట పెద్దది, కింద ఫ్లోట్లున్నాయి, విమానం తేలిక. గాలి దాన్ని వెంటనే ఆపేస్తుంది. పైలట్‌కి స్టిక్ ముందుకి కొట్టడానికి దొరికేది రెండు మూడు సెకన్లే. అంతలో చెయ్యకపోతే రెక్క మీంచి గాలి విడిపోయి, పైకి ఎత్తే బలం పోయి విమానం స్టాల్ అవుతుంది. 100 అడుగుల నుంచి స్టాల్ అయినదాన్ని తేర్చుకునే చోటుండదు. కొన్ని విమానాల్లో తోకని ప్రొపెల్లర్ గాలి దారిలోనే పెట్టి ఈ ప్రభావాన్ని చాలావరకు రద్దు చేస్తారు. అందుకే ఒక రకం ఉభయచరం నడిపిన చెయ్యి ఇంకో రకంలో అచ్చంగా పనికిరాకపోవచ్చు.

ఇదే ఎదురు దిశలోనూ కొరుకుతుంది. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో మునుగుతున్నట్టు అనిపించి పైలట్ థ్రాటిల్ తోస్తే, ముక్కు లేవడానికి బదులు ముందు కాస్త దిగుతుంది. నీటికి పది అడుగుల ఎత్తులో "కాస్త" అంటే చాలా.

నీటి మీద ఇంకో మోసముంది. రెక్క విప్పారినంత ఎత్తులోపు విమానానికి కిందినుంచి గాలి ఆసరా దొరుకుతుంది, నిరోధం తగ్గుతుంది. దాంతో ఇంకా ఎగిరే స్తోమత లేని విమానం కూడా నీటిని వదిలి కొద్ది అడుగులు లేస్తుంది. ఎదురుగా చెట్లు కనిపించి పైలట్ ముక్కెత్తుతాడు. ఆసరా పోతుంది, విమానం కూర్చుంటుంది. లేదా చెట్లని తప్పించుకోవడానికి మలుపు తీస్తాడు. 45 డిగ్రీల వంపులో స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీల్లో 41 శాతం. అతని చేతిలో ఉన్న మిగులు వేగం అంత లేదు.

కెనడాలోని సటర్నా దీవి దగ్గర 2009 నవంబర్ 29న జరిగింది ఇలాంటిదే. అది చిన్న ఉభయచరం కాదు, ఫ్లోట్ల మీది బీవర్ విమానం, 8 మంది ఉన్నారు. లయల్ హార్బర్ నుంచి లేచి, కొండల మధ్య గాలి సుడుల్లో మలుపు తీస్తుండగా స్టాల్ అయింది. హెచ్చరిక పరికరం పనిచెయ్యలేదు. బరువు అనుమతించిన హద్దుకన్నా వెనక్కి ఉండడంతో తేరుకోవడం మరీ కష్టమైంది. ఆరుగురు చనిపోయారు. తలుపులు కొన్ని బిగుసుకుపోయాయి. లోపలున్నవాళ్లు బయటికి రాలేక మునిగిపోయారు.

టేకాఫ్ చోటు మాత్రమే

కొన్ని ప్రమాదాల్లో టేకాఫ్‌కి అసలు తప్పేమీ లేదు. 2005 డిసెంబర్ 19న మయామీలో గ్రమ్మన్ మల్లార్డ్ అనే పెద్ద ఉభయచరం లేచిన కాసేపటికే కుడి రెక్క ఊడిపోయి 20 మందితో కూలింది. ఆ రెక్కలో లోహం అలసి పగుళ్లిచ్చింది అంతకు ఎంతో ముందు. విమానం 1947 నాటిది. ఉప్పునీళ్ల మీద దశాబ్దాలు కొట్టుకున్న లోహం అది. పూర్తి బలం, పూర్తి బరువు కలిసే చోటు టేకాఫ్ కాబట్టి అక్కడ తెగింది.

2017 డిసెంబర్ 31న ఆస్ట్రేలియాలో సిడ్నీకి ఉత్తరాన జెరూసలేం బే దగ్గర ఫ్లోట్లున్న బీవర్ ఒకటి లేచిన కాసేపటికే, తిరగడానికి చోటులేని వాగులోకి మళ్లి, నిటారుగా వంగి కూలింది. ఆరుగురూ పోయారు. అనుభవమున్న పైలట్ ఆ దారి ఎందుకు పట్టాడో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. తర్వాత రక్తపరీక్షల్లో కార్బన్ మోనాక్సైడ్ బయటపడింది. పొగగొట్టంలో పగుళ్లు, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో బిగించాల్సిన బోల్టులు లేకపోవడం. పొగ లోపలికి వచ్చింది. వాసన లేని ఆ వాయువు మనిషి తెలివిని ముందు మసకబరుస్తుంది. బయటినుంచి చూస్తే అదంతా "పైలట్ తప్పు" లాగే కనిపించేది.

కొన్నిసార్లు నీళ్లే రద్దీగా ఉంటాయి. 2024 జూన్ 8న వాంకూవర్ రేవులో లేస్తున్న బీవర్ ఒకటి దారిలోని పడవని గుద్దుకుంది. రన్‌వే మీద ఎవరూ షికారుకి రారు, రేవులో అది అందరి హక్కు.

చక్రాల సంగతి చెప్పకుండా ఉభయచరాల గురించి మాట్లాడడం కుదరదు. ఇది టేకాఫ్‌లో మొదలై దిగేటప్పుడు బయటపడే ప్రమాదం. మామూలు రన్‌వే మీంచి లేచి, ఏదో ధ్యాసలో పడి చక్రాలు ముడవడం మర్చిపోయి, పావుగంట తర్వాత సరస్సు మీద దిగితే, చక్రాలు నీటిలో దిగబడి విమానం ముక్కు మీదుగా తిరగబడుతుంది. రన్‌వే మీద చక్రాలు ముడిచే దిగితే పొట్ట గీరుకుంటుంది, పరువు పోతుంది, సాధారణంగా ప్రాణం పోదు. రెండు తప్పులూ ఒకేలాంటివి, ఫలితాల్లో ఇంత తేడా. అందుకే ఈ పైలట్లు దిగే ప్రతిసారీ పైకి వినపడేలా "ఇది నీళ్ల మీద దిగడం, చక్రాలు పైన ఉన్నాయి" అని చెప్పుకుని, కళ్లతో చూసుకుంటారు. పక్కన ఎవరూ లేకపోయినా చెప్పుకుంటారు.

తలకిందులయ్యాక

నీటి మీద కూలిన చిన్న విమానం తరచుగా తిరగబడుతుంది. తగిలిన దెబ్బ చాలాసార్లు ప్రాణం తీసేంతది కాదు. తర్వాతి నిమిషమే తీస్తుంది. తల కిందికి, కాళ్లు పైకి. ముక్కులోకి నీళ్లు. ఎడమ చేతివైపు ఉండాల్సిన తలుపు గొళ్లెం ఎటుందో బుర్రకి అందదు. బెల్టు విప్పగానే మనిషి తలమీద పడి, ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది. అందుకని నేర్పేదేమిటంటే ముందు ఒక చేత్తో తలుపు అంచునో, కిటికీ అంచునో పట్టుకోవాలి. రెండో చేత్తో బెల్టు విప్పాలి. పట్టుకున్న చేతి వెంటే బయటికి రావాలి. లైఫ్ జాకెట్‌ని లోపల ఊదకూడదు. ఊదితే అది మనిషిని పైకి, అంటే తిరగబడిన విమానం నేల వైపు ఎత్తి అక్కడే అదిమి పెడుతుంది.

సటర్నా తర్వాత 2011లో కెనడా దర్యాప్తు సంస్థ సీప్లేన్లకి త్వరగా తెరుచుకునే దారులుండాలనీ, ప్రయాణికులు జాకెట్లు సీటు కింద కాక ఒంటి మీదే ఉంచుకోవాలనీ సిఫార్సు చేసింది. జాకెట్లు తొడుక్కోవడం, పైలట్లకి నీటి అడుగునుంచి బయటపడే శిక్షణ తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చింది 2019లో. అంటే సిఫార్సుకీ నిబంధనకీ మధ్య ఎనిమిదేళ్లు. నిబంధనలు కూడా హంప్ మీద ఇరుక్కుంటాయన్నమాట.

ఇక ఒడ్డున విన్న ఆ చప్పుడు. విమానాన్ని బయటికి లాగాక దర్యాప్తు చేసేవాళ్లు బిరడాలు బిగించి ఉన్నాయో లేదో చూస్తారు, ట్రిమ్ ఎక్కడుందో చూస్తారు, పొట్టలోంచి ఎంత నీరు వచ్చిందో, సామాను ఎక్కడుందో తూచి రాసుకుంటారు. ప్రొపెల్లర్ దగ్గర ఎక్కువసేపు ఉంటారు. ఒక రెక్క మాత్రం విరిగి మిగతావి చెక్కుచెదరకుండా ఉంటే, నీటికి తగిలేసరికి అది తిరగడం లేదనో, తిరిగినా బలం లేకుండా తిరిగిందనో అనుమానించాలి. అన్ని రెక్కలూ మొదలు దగ్గర ఒకేలా తునిగిపోయి ఉంటే ఇంజన్ అప్పటికి గట్టిగానే పనిచేస్తోంది. రోటాక్స్ 912 ఐఎస్ లాంటి కొత్త ఇంజన్లకి కంప్యూటర్ ఉంటుంది. ఉప్పునీరు దాన్ని పూర్తిగా తినేయకపోతే అందులో ఇంజన్ వేగం, థ్రాటిల్ స్థానం క్షణాలవారీగా దొరుకుతాయి. ఇంజన్ వేగం పడిపోయింది థ్రాటిల్ కదలకముందా, కదిలాకా అన్నది ఆ రెండు వరసల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.